కారణమా? సాకా?

పిల్లలు ఆటలో ఓడిపోయి కంట్రోలర్ మంచం మీదకు విసిరినప్పుడు మనం అనే మాటలు రెండే. "ఇంక చాలు, కట్టెయ్" అనేది ఒకటి. "ఆటే కదా, దానికింత కోపమెందుకు" అనేది రెండోది. రెండూ న్యాయమైన మాటలే. కానీ వాళ్ళ దగ్గర ఇంకో మాట సిద్ధంగా ఉంటుంది: "నేను ఓడిపోలేదమ్మా, ల్యాగ్ వచ్చింది."

ఈ మాటకి మన దగ్గర జవాబుండదు. నమ్మాలో వద్దో కూడా తెలియదు. పరీక్షలో మార్కులు తగ్గి "పేపర్ కష్టంగా వచ్చింది" అంటే, మిగతా పిల్లలకి ఎన్ని వచ్చాయో కనుక్కుని ఒక నిర్ణయానికి వస్తాం. ఇక్కడ ఎవరిని అడగాలి?

తెరనే అడగాలంటాను నేను. టెక్కెన్, స్ట్రీట్ ఫైటర్ లాంటి ఆన్‌లైన్ కుస్తీ ఆటల్లో పిల్లాడు ఎందుకు ఓడిపోయాడో చాలావరకు తెర మీదే రాసి ఉంటుంది. వాడు చదువుతాడు, మనం చదవం. అందుకే వాడు కారణం చెబుతున్నాడో సాకు చెబుతున్నాడో మనకు తేలదు. కారణాన్నీ సాకునీ విడదీసి చూడటం నేర్పేది ఇంట్లోనే కదా. అది నేర్పాలంటే ఆ నాలుగు గుర్తులూ తల్లికి కూడా చదవడం రావాలి.

"ఇదంతా మనకెందుకు" అనే అక్కచెల్లెళ్ళకు ఒక పాత సంగతి గుర్తుచేస్తాను. మా రామంతాపూర్‌లో దూరదర్శన్ కేంద్రం ఉంది. దాని ముందు నుంచి వెళ్ళినప్పుడల్లా నాకు "అంతరాయానికి చింతిస్తున్నాము" అనే అక్షరాలే గుర్తొస్తాయి. మన చిన్నప్పుడు ఆదివారం సినిమా మధ్యలో బొమ్మ ఆగితే నాన్న డాబా ఎక్కి యాంటెన్నా తిప్పేవారు, కింద నుంచి మనం "వచ్చింది, పోయింది" అని అరిచేవాళ్ళం. ఆ అక్షరాలు తెర మీదకు వచ్చాయంటే మాత్రం ఎవరూ డాబా ఎక్కేవారు కాదు. తప్పు మన యాంటెన్నాది కాదు, అటు వైపుది అని ఆ ఒక్క వాక్యంతో తెలిసిపోయేది. ఆటల తెర మీద ఇప్పుడు కనిపించే గీతలు, అంకెలు చేసే పనీ అదే. తప్పు ఎటువైపు ఉందో చెబుతాయి.

క్రికెట్ కూడా మనం ఇలాగే నేర్చుకున్నాం. మాకు దగ్గర్లో ఉప్పల్ స్టేడియం. మ్యాచ్ ఉన్న రోజు ఇంట్లో మగవాళ్ళు పెట్టుకుంటే మనమూ చూశాం, చూస్తూ చూస్తూ రన్ రేటు, మిగిలిన బంతులు, రివ్యూలు అన్నీ అర్థం చేసుకున్నాం. కబడ్డీలో రైడుకి 30 సెకన్లని ఇప్పుడు వంటింట్లోంచే చెప్పేవాళ్ళున్నారు. ఇదీ అంతకంటే కష్టం కాదు.

ముందు పోటీ మొదలవకముందు వచ్చే తెర చూద్దాం. అవతలి ఆటగాడి పేరు, వాడి ర్యాంకు, వాడు ఎంచుకున్న యోధుడు కనిపిస్తారు. పక్కన మన ఫోన్‌లో సిగ్నల్‌కి ఉన్నట్టే చిన్న గీతలుంటాయి. సాధారణంగా ఐదుకి ఎన్ని అని లెక్క. ఐదుంటే దారి బాగున్నట్టు, రెండో ఒకటో ఉంటే బాగోలేనట్టు. ఆ పక్కనే అవతలివాడు వైఫై మీద ఆడుతున్నాడా, వైరు పెట్టుకుని ఆడుతున్నాడా అని చూపే బొమ్మ ఉంటుంది. ఈ వివరాలు చూసి పోటీ ఒప్పుకోవచ్చు, వద్దనుకోవచ్చు. ఇక్కడ వద్దంటే ఓటమి కాదు. మొదలయ్యాక మధ్యలో వెళ్ళిపోతే మాత్రం ఓటమే. కొన్ని ఆటల్లో ఎవరు ఎన్నిసార్లు మధ్యలో వదిలేసి పోయారో ఆ లెక్క కూడా అవతలివాళ్ళకు కనిపిస్తుంది.

అందుకే "ల్యాగ్ వచ్చింది" అన్న పిల్లాడిని అడగాల్సిన మొదటి ప్రశ్న "మొదట్లో ఎన్ని గీతలు చూపించింది?" అని. రెండు గీతలు చూసి కూడా ఒప్పుకున్నాడంటే ఆ ఓటమిలో వాడి నిర్ణయానికీ వాటా ఉంది. గోతులున్న రోడ్డని తెలిసీ అదే దారిన వెళ్ళి, ఆలస్యమైందని రోడ్డును తిడితే ఎలా?

ఇక పోటీ నడుస్తున్నప్పుడు. పైన రెండు వైపులా ఉండే పొడవాటి పట్టీలు ఇద్దరి ప్రాణం. దెబ్బ తగిలినప్పుడల్లా తరుగుతాయి. మధ్యలో ఉన్న అంకె గడియారం. స్ట్రీట్ ఫైటర్‌లో 99 నుంచి, టెక్కెన్‌లో మామూలుగా 60 నుంచి కిందికి దిగుతుంది. పట్టీల దగ్గర ఉండే చిన్న గుర్తులు ఎవరు ఎన్ని రౌండ్లు గెలిచారో చెబుతాయి. స్ట్రీట్ ఫైటర్‌లో రెండు రౌండ్లు, టెక్కెన్‌లో మూడు రౌండ్లు ముందు గెలిచినవాళ్ళది మ్యాచ్. స్ట్రీట్ ఫైటర్ 6లో ప్రాణం పట్టీ కింద ఆరు గళ్ళుంటాయి. అవి ఓపిక లాంటివి. దెబ్బలు కాచుకున్నా, పెద్ద ఎత్తులు వేసినా ఖర్చవుతాయి, మొత్తం అయిపోతే ఆ యోధుడు కాసేపు నీరసపడతాడు. ఓపికంతా మొదట్లోనే ఖర్చుపెట్టుకుని చివర్లో చేతులెత్తేస్తే అది ల్యాగ్ కాదు, తొందరపాటు. ఆరు గళ్ళూ ఖాళీ అయి ఉండటం తెర మీద మనకూ కనిపిస్తుంది.

మన వంటింటికి పనికొచ్చే లెక్క కూడా ఇందులోనే ఉంది. ఆన్‌లైన్ పోటీని మధ్యలో ఆపిపెట్టే వీలుండదు, అవతల ఇంకో మనిషి ఉన్నాడు కాబట్టి. "అన్నం చల్లారిపోతోంది, ఇప్పుడే లే" అంటే వాడికి అది "ఓడిపోయి రా" అన్నట్టే వినిపిస్తుంది. కానీ మ్యాచ్ అనంతంగా సాగేదేం కాదు. టెక్కెన్‌లో 60 చొప్పున అయిదు రౌండ్లూ నిండా ఆడినా, స్ట్రీట్ ఫైటర్‌లో 99 చొప్పున మూడు రౌండ్లూ నిండా ఆడినా సుమారు ఐదు నిమిషాలు. ర్యాంకు పోటీల్లో మూడు మ్యాచ్‌ల్లో రెండు గెలవాలనే పద్ధతి ఉన్నా పావుగంటకి మించదు. చాలాసార్లు అందులో సగం కూడా పట్టదు. ఆ తర్వాత "మళ్ళీ ఆడతావా?" అని తెర అడుగుతుంది. మనం గట్టిగా ఉండాల్సింది అక్కడ. "ఈ మ్యాచ్ పూర్తిచెయ్, మళ్ళీ అని నొక్కకు" అన్న మాటకి పిల్లల దగ్గర ఎదురు మాట ఉండదు, ఎందుకంటే అది వాళ్ళ ఆట నియమం ప్రకారమే అడిగిన మాట. తెర చదవడం వచ్చిన తల్లి "వద్దు" అంటే దానికి బరువెక్కువ.

ఇప్పుడు అసలు ల్యాగ్ అంటే ఏంటో చూద్దాం. ఈ ఆటలు సెకనుకి 60 బొమ్మల చొప్పున నడుస్తాయి. ఒక్కో బొమ్మని ఫ్రేమ్ అంటారు. తెలుగు బీఏ చదివినదాన్ని కాబట్టి నాకిది వెంటనే మాత్రల లెక్కలా కనిపించింది. లఘువుకి ఒక మాత్ర, గురువుకి రెండు అని మనం పద్యం కొలిచినట్టు, ఈ పిల్లలు దెబ్బని ఫ్రేముల్లో కొలుస్తారు. టెక్కెన్‌లో మామూలుగా అందరికీ ఉండే వేగమైన పిడిగుద్దుకి 10 ఫ్రేములు. అంటే సెకనులో ఆరో వంతు. అవతలివాడు కొట్టబోతున్నాడని చూసి కాచుకోవాలన్నా, ఎదురు కొట్టాలన్నా అంతా ఈ రెప్పపాటులోనే.

ఈ లెక్కలోకి దూరం వచ్చి చేరుతుంది. తెర మీద ఒక మూల "పింగ్" అని మిల్లీసెకన్లలో కనిపించే అంకె, మన దగ్గర బయల్దేరిన సమాచారం అవతలికి వెళ్ళి తిరిగి రావడానికి పట్టే సమయం. ఫైబర్ తీగలో వెలుగు సెకనుకి సుమారు రెండు లక్షల కిలోమీటర్లు పోతుంది. హైదరాబాద్ నుంచి సింగపూర్ తిన్నగా కొలిస్తేనే దాదాపు 3,300 కిలోమీటర్లు. పోయి రావడానికి కనీసం 33 మిల్లీసెకన్లు, అంటే రెండు ఫ్రేములు. తీగలు తిన్నగా ఉండవు కాబట్టి నిజంలో ఇంకా ఎక్కువే. అదే డల్లాస్ అయితే? దాదాపు 14,000 కిలోమీటర్లు. పోయి రావడానికి తక్కువలో తక్కువ 140 మిల్లీసెకన్లు, ఎనిమిది ఫ్రేముల పైనే. పది ఫ్రేముల దెబ్బలున్న ఆటలో ఎనిమిది ఫ్రేములు దారిలోనే పోయాయన్నమాట.

డల్లాస్ పేరు ఊరికే ఎత్తలేదు. మా చెల్లెలి కొడుకు అక్కడే ఉంటాడు. మా అబ్బాయి, వాడు ఆదివారం పొద్దున్న, అంటే వాళ్ళకి శనివారం రాత్రి, కలిసి ఆడుకునేవాళ్ళు. కొన్నాళ్ళకి "వాడు ఓడిపోయేటప్పుడు కావాలని నెట్ స్లో చేస్తున్నాడు" అని వీడు, "అన్నయ్యే మోసం చేస్తున్నాడు" అని వాడు. పిల్లలు మాట్లాడుకోవడం మానేశారు. ఆ తర్వాత చెల్లి ఫోన్లో మాటలు కూడా కాస్త పొడిపొడిగా మారాయి. రెండు దేశాల్లో ఉన్న అన్నదమ్ముల మధ్య మిగిలిన ఒక్క ఆటా ఇలా పోతే, వచ్చే సెలవుల్లో ఎదురుపడినప్పుడు వీళ్ళకి మాట్లాడుకోవడానికి ఏముంటుంది? ఆ రోజు పిల్లలిద్దరినీ వీడియో కాల్లో కూర్చోబెట్టి, పైన చెప్పిన లెక్క కాగితం మీద వేసి చూపించాం. ఎవరూ ఎవర్నీ మోసం చెయ్యలేదు, మధ్యలో ఉన్నది భూగోళంలో మూడో వంతు. ఇప్పుడు వాళ్ళు ఆడుకునేటప్పుడు ర్యాంకు పెట్టుకోరు. గెలుపోటములు లెక్కపెట్టుకోవడానికి దగ్గరి ఊళ్ళ వాళ్ళతో ఆడతారు, కబుర్లకి ఒకరితో ఒకరు.

ఈ దూరాన్ని ఆటలు రెండు రకాలుగా సర్దుకుంటాయి. పాత పద్ధతి అందరూ వచ్చాకే వడ్డించడం లాంటిది. అవతలివాడు నొక్కిన బటన్ కబురు అందేదాకా ఆట ఆగుతుంది, అందుకని అన్నీ బరువుగా, ఆలస్యంగా కదులుతాయి. కొత్త పద్ధతి వస్తారనుకుని విస్తరి వేసేయడం. అవతలివాడు ఇప్పటిదాకా చేస్తున్నదే చేస్తూ ఉంటాడని ఆట ఊహించి ముందుకు నడిచేస్తుంది. ఊహ తప్పితే రెండు మూడు ఫ్రేములు వెనక్కి వెళ్ళి దిద్దుకుంటుంది. దీన్ని రోల్‌బ్యాక్ అంటారు. 2006లో స్ట్రీట్ ఫైటర్ 2 ఆన్‌లైన్‌లో ఆడితే సరిగా నడవక విసుగెత్తి టోనీ కానన్ అనే అమెరికన్ ఆటగాడు ఈ పద్ధతితో జీజీపీఓ అనే సాఫ్ట్‌వేర్ తయారుచేశాడు. 2019లో దాన్ని అందరికీ ఉచితంగా ఇచ్చేశాడు. టెక్కెన్ 8లో ఆడుతుండగా ఎన్ని ఫ్రేములు వెనక్కి దిద్దుతోందో కూడా అంకె కనిపిస్తుంది. ఆ అంకె సున్నా, ఒకటి దగ్గర ఉంటే ల్యాగ్ మీద నెట్టడం కుదరదు. ఆరు, ఏడు అంటూ ఎగిరెగిరి పడుతుంటే పిల్లాడు చెప్పింది నిజమే.

దూరం లేకపోయినా గీతలు పడిపోతుంటే కారణం మన ఇంట్లోనే ఉండొచ్చు. ఇది మాత్రం ప్రతి తల్లీ తెలుసుకోవాలి. చాలా ఇళ్ళల్లో వైఫై 2.4 గిగాహెర్ట్జ్ మీద నడుస్తుంది. మన మైక్రోవేవ్ ఓవెన్ పనిచేసేదీ దాదాపు అక్కడే, 2.45 దగ్గర. రాత్రి ఎనిమిదిన్నరకి మనం కూర వేడిచేస్తే, పక్క గదిలో పిల్లాడి గీతలు పడిపోవడం వింత కాదు. "నువ్వు ఓవెన్ పెట్టావు, నేను ఓడిపోయాను" అని ఎవరైనా అంటే మనకి నవ్వొస్తుంది, కానీ అందులో నిజం ఉండే అవకాశం ఉంది. 5 గిగాహెర్ట్జ్‌కి మారిస్తే ఓవెన్ గొడవ ఉండదు, కాకపోతే అది గోడలు దాటి అంత బాగా పోదు. అన్నిటికన్నా మంచిది రౌటర్ నుంచి ఒక వైరు లాగడం. నెట్ కంపెనీకి ఎక్కువ డబ్బు కట్టి పెద్ద ప్లాన్‌కి మారితే బాగుపడుతుందని పిల్లలు అడుగుతారు. ఈ ఆటలు పంపుకునే సమాచారం చాలా కొంచెం. కావలసింది ఎక్కువ వేగం కాదు, తెగని దారి. ప్లాన్ మార్చే ముందు వైరు కొని చూడండి. ఆ వైరు హాల్లోంచి పోతే కాళ్ళకి అడ్డం పడుతుందనేది నిజమే. గోడ అంచున మేకులు కొట్టించుకుంటే తీరిపోతుంది.

ఇన్ని కారణాలు ఒప్పుకున్నాక ఇప్పుడు రెండో వైపు. ఐదు గీతలూ ఉండి, ఇద్దరికీ వైరే ఉండి, పింగ్ 20 చూపిస్తూ ఓడిపోతే? అది ఓటమి. అచ్చంగా మనదే. అప్పుడు "ల్యాగ్" అన్న మాట నోటి నుంచి రాకూడదు. మా ఇంట్లో పెట్టుకున్న నియమం ఇదొక్కటే: గీతలు చూపించి కారణం చెప్పు, చూపించలేకపోతే సాకు చెప్పకు. ఇది ఆటకే ఆగలేదు. "బస్సు రాలేదు", "సార్ చెప్పలేదు", "వాడే మొదలుపెట్టాడు" అన్నప్పుడు కూడా "గీతలెన్ని?" అని మా అమ్మాయి తమ్ముణ్ణి ఏడిపిస్తుంది. ఇంట్లో అదొక సామెత అయిపోయింది. ఈ ఒక్క అలవాటు కోసమైనా ఆ తెర చదవడం నేర్చుకోవచ్చని నాకనిపిస్తుంది.

ర్యాంకు గురించి కూడా ఒక మాట. మా వీధిలో ఒకావిడ "ర్యాంకు పడిపోయిందని అన్నం తినలేదండీ" అని వాపోయింది. ఇంటర్ చదివే పిల్లలున్న ఇళ్ళల్లో ర్యాంకు అనే మాటకే గుండె దడ. ఆట ర్యాంకు అలాంటిది కాదు. నీకు సరిజోడు ఎవరో వెతకడానికి ఆట పెట్టుకున్న గుర్తు అది. నిన్న నేర్చుకున్నవాణ్ణి ఇరవై ఏళ్ళ ఆరితేరినవాడి ముందు నిలబెట్టకుండా ఉండటానికి. గెలుస్తూ పోతే గట్టివాళ్ళు ఎదురవుతారు, అప్పుడు ఓటములూ ఎక్కువవుతాయి. కాబట్టి ఓటములు పెరిగాయంటే పిల్లాడు మెరుగైన చోటికి వచ్చాడని కూడా అర్థం కావచ్చు. తెర మీద ర్యాంకు ఎంత పెద్దగా రాసినా అది వాడి విలువ కాదని చెప్పాల్సింది మనమే, ఆట చెప్పదు.

వయసు కూడా తెర చెప్పదు. 2023లో హాంగ్‌జౌ ఏషియన్ గేమ్స్‌లో ఈ-స్పోర్ట్స్‌ని మొదటిసారి పతకాల పోటీగా పెట్టారు. స్ట్రీట్ ఫైటర్ 5 పోటీలో మన దేశం నుంచి మయాంక్ ప్రజాపతి, అయాన్ బిశ్వాస్ బరిలోకి దిగారు. బంగారు పతకం గెలిచింది కొరియాకి చెందిన కిమ్ గ్వాన్-వూ. ఆయన వయసు అప్పటికి 44 ఏళ్ళు. మన ఈడువాడన్నమాట. "ఇదంతా కుర్రకారు సంగతి, మన బుర్రకెక్కదు" అనేవాళ్ళు ఆయన్ని ఒకసారి తలుచుకోండి.

తెర మీద ఇంకొకటి కూడా చదవాలి, అది డబ్బు. ఈ ఆటల్లో యోధుల బట్టలు, రంగులు అమ్మే దుకాణం ఉంటుంది. వాటికి కావలసిన నాణేలు అసలు డబ్బుతో కొనాలి. ఆ దుకాణం బొమ్మ ఎక్కడుంటుందో, మన కార్డు దానికి అతికించి ఉందో లేదో చూసుకోండి. పందెం కట్టి ఆడే ఆటలు వేరు. వాటిని మన తెలంగాణలో 2017లోనే నిషేధించారు, 2025లో కేంద్ర చట్టం దేశమంతటా నిషేధించింది. అదే చట్టం ఈ-స్పోర్ట్స్‌ని మాత్రం గుర్తించింది. పిల్లాడు ఆడుతున్నది ఈ రెండిట్లో ఏదో తెలియకుండా తిట్టినా, తెలియకుండా వదిలేసినా నష్టం ఇంటికే.

"మనం ఇలా కూర్చుని నేర్చుకుంటే ఆటని ప్రోత్సహించినట్టు కాదా?" అని అడిగేవాళ్ళుంటారు. మందు సీసా మీద రాసింది చదివితే మందు ఎక్కువ తాగమని చెప్పినట్టా? ఎంత, ఎప్పుడు, ఎంతవరకు అని చెప్పే హక్కు చదివినవాళ్ళకే ఉంటుంది. చదవని మనిషి మాట పిల్లలకి అరుపులాగే వినిపిస్తుంది.

ఈ ఆదివారం ఒక్క పావుగంట పక్కన కూర్చోండి. మూడే ప్రశ్నలు అడగండి. గీతలెన్ని? వైరా, వైఫైనా? ఇంకెన్ని రౌండ్లు? ఆశ్చర్యపోయి మీ వంక చూస్తారు. తర్వాత ఇష్టంగా, ఆపకుండా చెబుతారు. పదహారేళ్ళ పిల్లలు మనకి ఏదైనా ఇష్టంగా చెప్పే సందర్భాలు ఎన్ని మిగిలాయి చెప్పండి?